గంజులో పడ్డ ఓట్లు

మెస్ పెద్దగా ఉండడమంత దిక్కుమాలిన పని మరొకటి లేదు. నాలుగేళ్లు చేశాను కాబట్టి చెబుతున్నాను. ఖతర్‌లో ఇండస్ట్రియల్ ఏరియాలోని మా కంపెనీ క్యాంపులో తెలుగువాళ్లం ముప్పై మందికి పైగా ఉండేవాళ్లం. అందరికీ కలిపి కింది అంతస్తులో ఒకటే వంటగది, ఒకటే మెస్. పగలంతా సైట్‌లో టైమ్ కీపర్‌గా ఎవడెప్పుడు వచ్చాడో, ఎవడెప్పుడు పోయాడో చూసుకుని, సాయంత్రం బస్సు దిగి ముఖమైనా కడుక్కోకముందే మొదలయ్యేది. "అన్నా, పప్పుల పులుపు ఎక్కువైంది." "అన్నా, వానికి మంచి ముక్కలు పడ్డయి, నాకు బొక్కలు పడ్డయి." ఈ ఎముకల పంచాయితీ తీర్చడానికేనా సముద్రం దాటి వచ్చింది అని చాలాసార్లు అనిపించేది.

అవి చమురు, గ్యాస్ డబ్బు దోహాలో పొంగిపొర్లుతున్న రోజులు. ఎటు చూసినా క్రేన్లే. మొన్న ఖాళీగా కనిపించిన జాగాలో ఇవాళ అంతస్తు లేచి ఉండేది. ఆ డబ్బు మా వంటగది దాకా రాలేదు గానీ మనుషులు మాత్రం వచ్చిపడుతూనే ఉన్నారు. వచ్చిన ప్రతివాడికీ ఒక నాలుక, ఆ నాలుకకో రుచి ఉండేవి.

మాలో ఎక్కువమంది జగిత్యాల, కామారెడ్డి, ఆర్మూరు వైపు వాళ్లు. హైదరాబాదు, బోధన్ నుంచి వచ్చిన ముస్లింలు కొందరు. గోదావరి వైపు వాళ్లు నలుగురైదుగురు. ఇంతమంది ఒకే గంజులో వండింది తినాలంటే కొన్ని కట్టుబాట్లు తప్పవు. శనివారం నీసు ఉండదు. పెద్దకూర ఎప్పుడూ వండరు, తినాలనిపించినవాళ్లు బయట హోటల్లో తిని రావాలి. రంజాన్ నెలలో ఉపవాసం లేనివాళ్లు కూడా పొద్దుగూకేదాకా ఆగి అందరితో కలిసి కూర్చోవాలి. గోదావరి వాళ్ల కోసం వారానికోసారి చేపల పులుసు. నాకంటే ముందున్న పెద్దలు అరిచి, అలిగి, బతిమాలి కుదిర్చిన రాజీలివి. నేను కొత్తగా చేసిందేమీ లేదు, ఉన్నదాన్ని తెగకుండా పట్టుకుని కూర్చున్నాను.

వంట చేసేది చాచా. పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, క్యాంపు బాస్‌తో సహా అందరికీ చాచానే. హైదరాబాదు పాతబస్తీ మనిషి. పరంజా కట్టే పనికి వచ్చాడు. నడుము దెబ్బతిని పైకెక్కలేని స్థితి వస్తే, ఇంటికి పంపకుండా మా పాత పెద్ద ఒకాయన క్యాంపు బాస్ కాళ్లావేళ్లా పడి వంటవాడిగా పెట్టించాడు. క్యాంపు బాస్ ఒక షరతు పెట్టాడు. తెలుగువాళ్ల మెస్ ఒక్కటిగా ఉన్నంతకాలమే ఆ పోస్టు ఉంటుంది. పదిమంది, పదిహేనుమంది వండుకు తినే మెస్‌లకు కంపెనీ వంటవాణ్ని ఇవ్వదు. హైదరాబాదులో చాచా భార్యకు కిడ్నీలు పాడై వారం వారం డయాలసిస్ చేయిస్తున్నారు. ఆమె ప్రాణం మా పొయ్యి మీద నిలబడి ఉందని ఆయన నాతో రెండు మూడుసార్లు అన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, నడుము లేని మనిషి, ఇంకొక కంపెనీలో పనెవరిస్తారు?

ఇక పై రూమువాళ్లు. పై అంతస్తులో ఒక పెద్ద గదిలో పదిమంది దాకా కుర్రకారు ఉండేవాళ్లు, అందరూ మా జిల్లాల వాళ్లే. వాళ్లకు ఆ కట్టుబాట్లంటే మంట. "ఎక్కువ మందిమి మనం. తక్కువ మంది కోసం మనమెందుకు ఆగాలె? మన పొయ్యి మనకు పెట్టుండ్రి" అని రోజూ పోరు. రంజాన్ వస్తే ఆకలి గురించి, చేపల రోజు వస్తే వాసన గురించి. నిజానికి వాళ్లకు చాచా వంటంటే ప్రాణం. బగారన్నం చేసిన శుక్రవారం గంజు అడుగు గీకేది వాళ్లే. అయినా నోరు మాత్రం ఆగదు. నాకు చెవిలో జోరీగ దూరినట్టుండేది.

మా సైట్‌లో ప్లానింగ్ చూసే ఇంజనీరు ఇంగ్లండు ఆయన. సగం జీవితం గల్ఫ్‌లోనే గడిచింది. భార్య స్పెయిన్ దేశస్థురాలు. రిటైరయ్యాక అక్కడే ఉండిపోదామని ఇల్లు కూడా కొనుక్కున్నారు. ఆయన పికప్ నడిపే డ్రైవరు మా మెస్ సభ్యుడే, కామారెడ్డి వైపు మనిషి. మాట మంచిది, చేయి మంచిది. ఎవరికి జ్వరమొచ్చినా డ్యూటీ అయ్యాక తనే ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. ఆ ఇంజనీరు పక్కన కూర్చుని రేడియో వార్తలు విని విని ఇంగ్లీషు బాగానే పట్టుబడింది.

ఒకరోజు సైట్ ఆఫీసులో ముగ్గురం చాయ్ తాగుతుంటే ఇంజనీరు తన దేశం సంగతి ఎత్తాడు. ఎన్నికలు దగ్గరికొచ్చాయట. అక్కడి ప్రధాని జనానికి ఒక మాట ఇచ్చి ఉన్నాడట. మళ్లీ నన్ను గెలిపిస్తే, యూరప్ దేశాల కూటమిలో కలిసి ఉండాలా, బయటికి రావాలా అని మీ అందరినీ ఓటు అడుగుతాను, మీరేమంటే అది చేస్తాను అని.

"మరి ఆయనకేం కావాలె సార్?" అని డ్రైవరు అడిగాడు.

కలిసి ఉండడమే కావాలని ఇంజనీరు చెప్పాడు. "మరి అడుగుడెందుకు?" అంటే, సొంత పార్టీలో రోజూ పోరు పెట్టేవాళ్ల నోళ్లు మూయించడానికి, ఓట్లు పక్క పార్టీకి జారిపోకుండా ఆపడానికి అని నవ్వాడు.

"దాంతో ఓట్లు పడవు సార్. జనానికి పని కావాలె, కడుపుకు తిండి కావాలె. మిమ్మల్ని తర్వాత ఏదో అడుగుతనంటే, అది విని ఎవడేస్తడు ఓటు?" అన్నాను నేను. ఇంజనీరు కూడా అదే తన అభిప్రాయమన్నాడు. ఆసుపత్రులు, ఉద్యోగాలు చూసి వేస్తారు గానీ యూరప్ ఎవడికి పట్టింది అన్నాడు. డ్రైవరు మాత్రం గ్లాసు చేతిలో అట్లాగే పట్టుకుని చల్లారేదాకా కూర్చున్నాడు.

మా మెస్‌కు ఏటా ఒక శుక్రవారం భోజనాలయ్యాక పెద్దను ఎన్నుకోవడం ఆనవాయితీ. ఎన్నుకోవడమంటే, నేను లేచి "ఇంకెవరన్న చేస్తరా" అని అడగడం, అందరూ ముఖాలు తిప్పుకోవడం, నేను మళ్లీ కూర్చోవడం. ఆ ఏడు అడగ్గానే డ్రైవరు లేచాడు.

"అన్నలారా, తమ్ములారా. పై రూమోళ్లు వేరే పొయ్యి అంటున్నరు. కిందోళ్లు వద్దంటున్నరు. రోజూ ఇదే లొల్లి. నేను వేరు పడదమని అంటలే. కలిసే ఉండాలని కూడా అంటలే. నన్ను పెద్దను చెయ్యుండ్రి. ఒక దినం పెట్టి మిమ్మల్నే అడుగుత. మీరెట్లంటే అట్ల."

పై రూమువాళ్లు ఈలలు వేశారు. అది నేననుకున్నదే. కానీ కింది గదుల వాళ్లు కూడా చప్పట్లు కొట్టడం చూసి నాకు మతి పోయింది. పక్కన కూర్చున్న బోధన్ ఎలక్ట్రీషియన్‌ను గిల్లి, "నువ్వెందుకు కొడుతున్నవ్?" అన్నాను. "ఓటు పెడితే మనమే గెలుస్తం కద భాయ్, రోజూ లొల్లి ఖతమైతది" అన్నాడు. గోదావరి క్రేన్ ఆపరేటరైతే, "అడుగుతానన్నాడు కదండీ, అడగనివ్వండి. అడిగితే పోయేదేముందండీ?" అన్నాడు. అప్పుడు నాకు సంగతి వెలిగిందనుకున్నాను. నాలుగేళ్లుగా నేను ఏ తీర్పు చెప్పినా సగంమందికి కోపం వచ్చింది. ఇతను తీర్పు చెప్పనంటున్నాడు. దాంతో ఆ సగమూ ఈ సగమూ ఇతనివైపే ఉన్నాయి. ఎవడి జవాబు వాడు ఆ మాటలో వింటున్నాడు.

నన్ను కూడా మాట్లాడమన్నారు. "ఇప్పుడెట్ల నడుస్తుందో అట్లనే నడిపిస్త" అన్నాను. నాకే ఆవలింత వచ్చింది. చేతులెత్తితే అతని వైపు ఎత్తినవి లెక్కపెట్టాల్సిన అవసరం కూడా రాలేదు. చాచా వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయనకు ఓటు లేదు. వండేవాడు జీతం మనిషి, సభ్యుడు కాడని మొదటి నుంచీ ఉన్న పద్ధతి.

ఓడిపోయినందుకు పీడ విరగడైందనుకున్నాను. అయినా ఆ మధ్యాహ్నమంతా ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. మనిషి నాలుగేళ్లు చాకిరి చేసి వదిలించుకుంటే సంతోషమే, వాళ్లే వదిలించుకుంటే మాత్రం గుచ్చుకుంటుంది.

ఎండలు ముదిరాక ఇంగ్లండులో కూడా ఎన్నికలు జరిగాయి. ఆ ప్రధాని పార్టీ ఎవరూ అనుకోనంతగా గెలిచింది. డ్రైవరు నన్ను సైట్ గేటు దగ్గరే పట్టుకున్నాడు. "చూసినవా అన్నా? ఆ మాటతోటే గెలిచిండు. అక్కడ ఆయన, ఇక్కడ నేను." ఇంజనీరు మాత్రం ఒప్పుకోలేదు. ఎదుటి పార్టీ చేతిలో ఖజానా పెట్టడానికి జనం భయపడ్డారని, యూరప్ మాట లేకపోయినా గెలిచేవాడేమోనని అన్నాడు. ఇద్దరూ పికప్‌లో పోతూ వస్తూ దీనిమీదే వాదించుకునేవాళ్లట. గెలిచిన కారణం గెలిచినవాడికే తెలియదు, మనకేం తెలుస్తుంది అని నేను విసుక్కున్నాను.

పెద్ద అయ్యాక డ్రైవరు ఓటు సంగతి ఎత్తలేదు. ఎండలు తగ్గనీ అన్నాడు. రంజాన్ పోనీ అన్నాడు. దసరాకు సగంమంది ఊరికి పోతున్నారు, వచ్చాక చూద్దాం అన్నాడు. వేరు పడడం అతనికి కొంచెం కూడా ఇష్టం లేదు, ఆ సంగతి నాకు తెలుసు. హైదరాబాదు వాళ్లతో ఒకే పళ్లెంలో తినేవాడు. కానీ పై రూమువాళ్లు వదలలేదు. "మాటిచ్చినవ్ కద" అని కనపడ్డప్పుడల్లా తగులుకున్నారు. చివరికి గొంతులో వెలక్కాయ పడ్డట్టు అయ్యింది అతని పని.

చలికాలంలో అతను ఒక్కొక్కరి దగ్గరికీ తిరిగి బేరాలు మొదలుపెట్టాడు. కట్టుబాట్లు కాస్త సడలిస్తే ఓటులో అందరూ కలిసి ఉండడానికే వేస్తారని అతని ఆశ. గోదావరి వాళ్లు చేపలు రెండువారాలకోసారైనా చాలన్నారు. శనివారం కోడిగుడ్డుకు అభ్యంతరం లేదని మా జిల్లాల పెద్దవాళ్లు కొందరు ఒప్పుకున్నారు. రంజాన్‌లో ఉపవాసం లేనివాళ్లు తమ గదుల్లో చాయ్, బిస్కెట్లు కానిచ్చుకోవచ్చని హైదరాబాదు వాళ్లన్నారు. ఇవన్నీ కూడేసి సంతోషంగా పై రూముకు తీసుకుపోతే, "గింతేనా?" అని నవ్వి పంపారు.

ఈలోగా చమురు ధర పడిపోయింది. పెద్ద సైట్లు ఆగలేదు గానీ మా కంపెనీ మనుషులను తగ్గించడం మొదలుపెట్టింది. ఎక్కడ సాకు దొరుకుతుందా అని చూస్తున్నారని ఆఫీసులో కూర్చునే నాకు కనబడుతూనే ఉంది. డ్రైవర్ను పక్కకు పిలిచి చెప్పాను. "మెస్ ఒక్కటిగ ఉంటేనే చాచా ఉంటడు. మరిచిపోయినవా?"

"మరువలేదన్నా. ఎవ్వడు వేరు పడడు. అందరు చాచా కూరకు మరిగిండ్రు" అన్నాడు.

ఓటు పెట్టే ముందు అందరూ కూర్చున్నప్పుడు నేను లేచి అదే మాట అందరికీ చెప్పాను. రెండు పొయ్యిలైతే చాచాను ఇంటికి పంపేస్తారు, ఆయన భార్య పరిస్థితి మీకు తెలుసు అని. పై రూమువాడొకడు, "ఓడిపోయినవు కాబట్టి బెదిరిస్తున్నవా అన్నా?" అన్నాడు. ఇంకొకడు, "చాచా యాడికి పోతడు? మా పొయ్యి మీదనే వండుతడు" అన్నాడు. వెంటనే కింది నుంచి ఒకడు, "మీ దగ్గరికెందుకు వస్తడు? మాతోనే ఉంటడు" అని లేచాడు. చాచా ఎవరివాడన్న దానిమీద పెద్ద గొడవైంది. ఆయన ఎవరితోనూ ఉండడు మొర్రో అంటే వినే నాథుడు లేడు. నాకు గొంతు పోయింది, కూర్చున్నాను.

ఓటు ఎట్లా వేయాలన్నది ఇంకో తంటా. ఇంజనీరు దేశంలో ఎవరిదేమిటో ఎవరికీ తెలియకుండా వేస్తారు, మనమూ అట్లాగే వేయాలి, చేతులెత్తితే ముఖాలు చూసి వేస్తారు అని డ్రైవరు పట్టుబట్టాడు. చీటీలు రాద్దామంటే క్యాంపులో చీటీలు తిరిగితే యూనియన్ పెడుతున్నారనుకుంటారని భయం. పైగా సగంమందికి రాయడం రాదు. కడకు అతనికే ఒక ఉపాయం తట్టింది. వంటగది పక్కన సామాను కొట్టులో రెండు బస్తాలుంటాయి, ఒకదాంట్లో ఉల్లిగడ్డలు, ఒకదాంట్లో ఆలుగడ్డలు. మధ్యలో పెద్ద గంజు పెట్టి దానిమీద గుడ్డ కప్పుతారు. ఒక్కొక్కడే లోపలికి పోయి, కలిసి ఉండాలనుకుంటే ఉల్లిగడ్డ, వేరు పడాలనుకుంటే ఆలుగడ్డ, గుడ్డ కింద నుంచి గంజులో వేసి రావాలి. అయ్యాక లెక్కపెట్టి, వాటినే సాయంత్రం కూర వండుకోవాలి. ఎవడైనా వచ్చి చూస్తే కూరగాయలు తప్ప ఏమీ కనబడదు. ఇంత తెలివి ఉన్నవాడికి ఇంత పిచ్చి ఎట్లా పట్టిందో అనుకున్నాను.

శుక్రవారం నమాజుకు పోయినవాళ్లు తిరిగొచ్చాక మొదలైంది. పెళ్లిలో పంక్తికి నిలబడినట్టు అందరూ నవ్వుతూ, తోసుకుంటూ వరుసలో నిలబడ్డారు. ఒకడు రెండోసారి వరుసలో నిలబడి దొరికిపోయాడు. ఇంకొకడు వంటగదిలోంచి టమాటా పట్టుకొచ్చి వేశాడు. ఇదేందిరా అంటే, "నాకు ఏదైన ఒకటే అన్నా" అన్నాడు. నేను ఉల్లిగడ్డ వేసి వచ్చి గోడకానుకుని నిలబడ్డాను. చాచా బయట అరుగు మీద కూర్చుని కత్తిపీట కడుక్కుంటున్నాడు.

గుడ్డ తీసి గంజు నేల మీద బోర్లించాడు డ్రైవరు. ఉల్లిగడ్డలు ఒక పక్కకు, ఆలుగడ్డలు ఒక పక్కకు పెడుతుంటే మొదట అందరూ గోల చేస్తూ చూశారు. కాసేపటికి గోల తగ్గింది. ఆలుగడ్డల కుప్ప పెద్దదిగా ఉంది. ఎక్కువ తేడా లేదు, నాలుగు గడ్డలు. డ్రైవరు మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి లెక్కపెట్టబోతుంటే పై రూమువాళ్లు కేకలేస్తూ ఒకణ్నొకడు ఎత్తుకున్నారు.

పై రూములో ఉన్నదే పదిమంది. మిగిలిన ఆలుగడ్డలు ఎవరివి? అడిగితే ఒక్కొక్కడే నసిగాడు. కలిసి ఉండడమే గెలుస్తుంది కదా, పై రూమువాళ్ల ఓట్లు మరీ తక్కువగా కనిపిస్తే చిన్నబోతారని ఒకడు వేశాడు. కొత్త పెద్దకు కాస్త భయం ఉండాలని ఒకడు వేశాడు. అన్నిటికన్నా నా కడుపు మండింది కింది గది వెల్డర్లిద్దరి మాటకు. ఓట్లు ఎట్లాగూ కూరలోకే పోతాయి, అందరూ ఉల్లిగడ్డలే వేస్తే తినడానికేముంటుంది, ఆలుగడ్డ కూర బాగుంటుందని వేశారట! వాళ్లను కొట్టాలనిపించింది. నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వుకు నా మీద నాకే అసహ్యమేసింది.

"అయిపోయిందా? ఇయ్యుండ్రి, పొద్దు పోతున్నది" అంటూ చాచా లోపలికొచ్చాడు. ఏమైందో ఎవరూ చెప్పలేదు. రెండు కుప్పలు చూశాడు, ఏది ఎక్కువో ఆయనకు తెలిసింది. రెండింటినీ మళ్లీ గంజులో కలిపి ఎత్తుకుని పోయాడు. ఆ సాయంత్రం ఆలుగడ్డ కూర చాలా బాగుంది. అందరూ మారు వడ్డించుకున్నారు.

తర్వాత అంతా నేను చెప్పినట్టే జరిగింది, అందులో నాకేమీ సంతోషం లేదు. క్యాంపు బాస్ పై రూమువాళ్లకు వేరే స్టవ్ ఇచ్చాడు, చాచా పోస్టు తీసేశాడు. అందరం గుంపుగా పోయి బతిమాలాం, పై రూమువాళ్లు కూడా వచ్చారు, అది మాత్రం చెప్పాలి. "మీరే ఓటేసుకున్నారట కదా. ఖలాస్" అని పంపేశాడు. మళ్లీ ఓటు పెడదామని కింది వాళ్లన్నారు. డ్రైవరు సరేనన్నాడు. పై రూమువాళ్లు అడ్డం తిరిగారు. "మీకు నచ్చిందాక ఓట్లు పెట్టుకుంట పోతరా? ఒకసారి అడిగినవ్, మేం చెప్పినం" అన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు, అదే నా బాధ. రోజంతా ఎండలో పనిచేసి వచ్చి వంతులవారీగా వండుకోలేక, నెల తిరక్కుండానే వాళ్లు కొట్లో దొరికే ఖుబూస్ రొట్టెలు, కోడిగుడ్డు మీద పడ్డారు. అయినా కిందికి రావడానికి మొహం చెల్లలేదు.

ఆ ఏడు రంజాన్ నెలలోనే ఇంగ్లండు వాళ్లు కూడా ఓటు వేశారు. బయటికి రావడమే గెలిచింది. అడిగిన ప్రధాని దిగిపోతానన్నాడు. ఆ రోజు ఇంజనీరు ఆఫీసులో కంప్యూటర్ ముందు ఏ పనీ చేయకుండా కూర్చున్నాడు. మీరెటు వేశారని అడిగితే, దేశం వదిలి పదిహేనేళ్లు దాటినవాళ్లకు ఓటు లేదన్నాడు. స్పెయిన్‌లో తన ఇల్లు ఏమవుతుందో, భార్యతో అక్కడ ఉండనిస్తారో లేదో ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదన్నాడు. నా హాజరు పుస్తకం తీసుకుని బయటికి వచ్చేశాను. అప్పటికి నేను అలసిపోయి ఉన్నాను.

కాగితాలన్నీ తెమిలి, రంజాన్ పండుగకు నాలుగు రోజుల ముందు చాచా ప్రయాణం. ఇంజనీరును అడిగి పికప్ తీసుకుని డ్రైవరే ఆయన్ను ఎయిర్‌పోర్టుకు బయలుదేరదీశాడు, నేనూ వెంట వెళ్లాను. మధ్యాహ్నం ఎండ. చాచా ఉపవాసం ఉన్నాడు, ముందు సీట్లో కూర్చుని పెదవులు తడుపుకుంటున్నాడు. బండి సల్వా రోడ్డు ఎక్కింది.

"చాచా, మాఫ్ చెయ్యి. నేను గిట్లయితదని అనుకోలే" అన్నాడు డ్రైవరు.

చాచా ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజు విన్నాను. "కూర పులుపైతే నాకు చెప్పాలె కదరా బేటా! ఇన్నేండ్ల సంది వండుతున్న. ఒక్కడన్న వచ్చి, చాచా గిట్ల కాదు, గట్ల వండు అన్నడా? రంజాన్ల ఆగుడు కష్టమైతే చెప్పుండ్రి, రెండుసార్లు వండెటోన్ని. నాకు వండుడు గాక ఇంకేం పనున్నది? చేపలకు వేరే గంజు పెట్టెటోన్ని. అందరి దగ్గరికి పోయినవ్, అందర్ని అడిగినవ్. దినామ్ నీకు ముందల పళ్లెం పెట్టిన. నన్నొక్కన్ని అడగలే."

ఎయిర్‌పోర్టులో సామాను దింపితే, ఇద్దరి తలల మీదా చేయి పెట్టి లోపలికి పోయాడు. ఏడాది తిరక్కుండానే ఆయన భార్య పోయిందని బోధన్ ఎలక్ట్రీషియన్ ద్వారా మాకు తెలిసింది.

ఆ రోజు ఎయిర్‌పోర్టులో ఆయన కనుమరుగయ్యాక కూడా డ్రైవరు బండి తీయలేదు. స్టీరింగ్ పట్టుకుని అద్దంలోంచి ముందుకు చూస్తూ కూర్చున్నాడు. నా వైపు తిరగకుండానే అడిగాడు. "అన్నా, ఒక మాట నిజం చెప్పు. నేను ఆ ఓటు పెడతనని చెప్పకపోయినా, పోయినేడు నేనే గెలిచెటోన్నా?"

ఏడాదిగా ఈ ముచ్చట మీద ఇంజనీరుతో వాదించినవాడు. హామీతోటే గెలిచావని ఒక్క మాట అంటే, ఆ మాట ఇవ్వక తప్పలేదని అతనికి కొంత ఊరటగా ఉండేదేమో. కానీ ఎన్నిక నాడు చేతులెత్తినవాళ్ల ముఖాలు నాకు బాగా గుర్తున్నాయి. వాటిలో యూరప్ లేదు, పొయ్యి లేదు, ఏదీ లేదు. నన్ను చూసి చూసి విసిగిపోయి ఉన్నారు, అంతే.

"గెలిచెటోనివే. నా మొఖం చూసి చూసి అందరికి యాష్టకొచ్చింది. ఎవడు నిలబడ్డా గెలిచెటోడే" అన్నాను.

అతను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు.